చిన్న సీపీయూలో గ్రాఫిక్స్ కార్డు: 65,000 ఈఎంఐకి ముందు 3,500 పని

ప్రశ్న: పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. పెళ్లికి 6,000 వస్తుంది. ఆఫీసులో వాడి అమ్మేసిన డెల్ ఆప్టిప్లెక్స్ 7060 చిన్న సీపీయూ (ఐ5-8500, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్) నా దగ్గరుంది. ప్రీమియర్ ప్రోలో వీడియో ఆగి ఆగి ఆడుతోంది. ఒక షాపులో సిస్టమ్ మొత్తం మార్చి ఆర్‌టీఎక్స్ 4060 వేస్తామన్నారు. 65,000, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. ఇంకో షాపులో లో ప్రొఫైల్ (చిన్న డబ్బాల్లో పట్టే పొట్టి) ఆర్‌టీఎక్స్ 3050 (6 జీబీ) 20,000, మరో 8 జీబీ ర్యామ్ 3,500 అన్నారు. బ్యాంకులో 40,000 ఉన్నాయి, ఇంటి ఖర్చు నెలకు 20,000. ఏది మేలు? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఈఎంఐ వద్దండీ. ఈ వారం ర్యామ్ వేయించండి. కార్డు కొనాలో లేదో ఆ తర్వాతే తేలుతుంది.

ఎడిటింగ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి చూడండి. మెమరీ 90 శాతం దాటి, డిస్క్ 100 దగ్గర కొట్టుకుంటుంటే తక్కువైంది ర్యామే. మీ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ఆ 8 జీబీలోంచే వాడుకుంటుంది. రెండో స్టిక్ వేస్తే డ్యూయల్ ఛానెల్ (రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేయడం) కూడా అవుతుంది కాబట్టి దానికీ ఊపిరాడుతుంది. డీడీఆర్4 2666, డెస్క్‌టాప్‌ది అడగండి. సీపీయూ చిన్నగా ఉందని ల్యాప్‌టాప్ ర్యామ్ ఇస్తే పట్టదు.

కెమెరామెన్ ఏ ఫార్మాట్‌లో తీస్తున్నారో కూడా కనుక్కోండి. 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా ఉండే రికార్డింగ్) అయితే 3050 గానీ 4060 గానీ ఆ వీడియోని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయలేవు (కార్డే విప్పి చూపించలేదు). 65,000 పోసినా ప్రివ్యూ తడబడొచ్చు. దానికి మందు ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి వాడుకునే తేలికపాటి నకళ్లు: క్లిప్పుల మీద రైట్ క్లిక్ చేసి, ప్రాక్సీలో క్రియేట్ ప్రాక్సీస్ నొక్కి రాత్రి వదిలేయండి. కాస్త డిస్క్ జాగా తప్ప పైసా ఖర్చు లేదు.

ఇవన్నీ చేశాక కూడా కలర్ కరెక్షన్, ఎఫెక్టుల దగ్గర టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) గ్రాఫ్ 100 శాతంలోనే ఉంటే, అప్పుడు కార్డు పెట్టిన డబ్బుకి పనిచేస్తుంది. మీ డబ్బాకి 3050 (6 జీబీ) సరైన ఎంపిక. అది 70 వాట్లే తీసుకుంటుంది, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. 4060కి 115 వాట్లు, కేబుల్ కావాలి. మీ పవర్ సప్లై 200 వాట్లది, ఆ కనెక్టర్లు కూడా డెల్ సొంతవి. బయట దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నేరుగా కుదరదు. 'మొత్తం మార్చాలి' అన్న మాట అక్కడి నుంచే వచ్చింది.

కొనేముందు మూత తీసి స్కేలుతో కొలవండి. లో ప్రొఫైల్ 3050లు చాలావరకు రెండు స్లాట్ల మందం, 17-18 సెంటీమీటర్ల పొడవు. కార్డుని బిగించే పొట్టి బ్రాకెట్ కార్డు ప్యాకింగ్‌లో ఉందో లేదో షాపులోనే చూసుకోండి, సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా కనబడకుండా పోయేది అదే. బిగించాక ఎక్స్‌పోర్ట్ మధ్యలో సిస్టమ్ రీస్టార్ట్ అయితే కరెంటు చాలడం లేదని అర్థం. బయోస్‌లో (సిస్టమ్ ఆన్ అవగానే వచ్చే సెట్టింగుల్లో) టర్బో బూస్ట్, అంటే ప్రాసెసర్ అదనపు వేగం, ఆపి చూడండి. అప్పటికీ ఆగకపోతే కార్డు తిరిగిచ్చేలా ముందే మాట్లాడుకోండి. చౌకగా వస్తోందని ఆర్‌ఎక్స్ 6400 తీసుకోకండి, అందులో ఎక్స్‌పోర్ట్‌ని వేగం చేసే వీడియో ఎన్‌కోడర్ లేదు.

ఇక ఈఎంఐ లెక్క. 65,000కి నెలకు 5,417. బ్యాంకు 16 శాతం వడ్డీ వేస్తే దాదాపు 5,300 షాపు డిస్కౌంట్‌గా సర్దుతుంది. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 950 దాకా, మీ బిల్లులోనే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు అదనం. అదే సిస్టమ్‌కి నగదు ధర ఎంతో విడిగా అడగండి, 'నో కాస్ట్' అసలు ఖరీదు అక్కడ బయటపడుతుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే. ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలుండవు, వాయిదా మాత్రం ఆగదు. ఒక్క నెల క్రెడిట్ కార్డు బిల్లు తప్పితే ఏడాదికి 36-42 శాతం వడ్డీ మొదలవుతుంది.

మీ 40,000 రెండు నెలల ఇంటి ఖర్చు. ర్యామ్‌కి తీసే 3,500ని కూడా వచ్చే పెళ్లి డబ్బుతో పూడ్చేయండి. గ్రాఫిక్స్ కార్డు కోసం పెళ్లికి 2,000 చొప్పున వేరే ఖాతాలో వేయండి, పది పెళ్లిళ్లకు 20,000 చేతిలో ఉంటుంది. ఆ ఖాతా నిండిన రోజున టాస్క్ మేనేజర్ ఇంకోసారి తెరిచి చూసి, అప్పుడు షాపుకి వెళ్లండి.