గప్పీల వెనక ఎర్ర పోగులు: నీలం మందుతో పోవు, ఒక్క డోసుతో తగ్గవు

ప్రశ్న: మా ఇంట్లో రెండడుగుల అక్వేరియంలో గప్పీలు, నాలుగు మాలీలు ఉన్నాయి. నెల రోజులుగా కొన్ని ఆడ గప్పీలకు మలద్వారం దగ్గర ఎర్రటి దారపు పోగుల్లాంటివి కనిపిస్తున్నాయి. చేప కదలగానే లోపలికి వెళ్లిపోతున్నాయి. మేత తింటున్నా చిక్కిపోతున్నాయి, మూడు చనిపోయాయి కూడా. షాపతను నీలం మందు, కల్లుప్పు వేయమన్నాడు. వేశాం, గుణం లేదు. పిల్లలకిచ్చే నులిపురుగుల మాత్ర నలిపి వేయమని తెలిసినవాళ్లు అంటున్నారు. వేయొచ్చా? మా అబ్బాయి రోజూ తొట్టిలో చేతులు పెడతాడు, వాడికి అంటుకుంటాయా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చేపను చూడకుండా చెప్పగలిగే జబ్బులు చాలా తక్కువ. మీరు రాసింది అలాంటి వాటిలో ఒకటి. బయటికి రావడం, చేప కదలగానే లోపలికి లాక్కోవడం కమలానస్ అనే గుండ్రటి పురుగు లక్షణం. గప్పీ, మాలీ, ప్లాటీ లాంటి పిల్లలు పెట్టే చేపల్లో ఎక్కువగా చూస్తాం.

అయినా మందు తెచ్చే ముందు ఒకసారి నిర్ధారించుకోండి. చేప ఒకచోట నిలబడినప్పుడు పక్క నుంచి టార్చి వేసి చూడండి. మలద్వారంలోంచి కొన్ని మిల్లీమీటర్ల పొడవున రెండు మూడు ఎర్రటి మొనలు విడివిడిగా కనబడితే అవి పురుగులే. రంగు కోసం అమ్మే ఎర్ర గుళికలు, బ్లడ్‌వార్మ్‌లు తిన్న చేప మలం కూడా ఎర్రగానే వేలాడుతుంది. కానీ మలం కాసేపటికి తెగి పడిపోతుంది, లోపలికి వెళ్లదు. తెల్లగా, జిగురు దారంలా సాగే మలమైతే కథ వేరు. ఏంజెల్, డిస్కస్ చేపల్లో అది తరచూ హెక్సామిటా జాతి సూక్ష్మజీవుల వల్ల వస్తుంది, దానికి వాడేది మెట్రోనిడజోల్. తెల్లగా చదునుగా ముక్కలు ముక్కలుగా పడితే బద్దె పురుగు, దానికి ప్రాజిక్వాంటెల్. ఈ రెండు మందుల్లో ఏదీ మీ గప్పీల పురుగుకు పనిచేయదు.

కమలానస్ నోరు ఆల్చిప్పలా రెండు గట్టి రేకులతో ఉంటుంది. వాటితో పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం తాగుతుంది, ఎర్ర రంగు అందుకే. బయటికి కనిపించే కొసను పట్టకారుతో లాగేవాళ్లుంటారు. ఆ పని చేయొద్దు. పురుగు తెగి సగం లోపలే ఉండిపోతుంది, లేదా పేగు చిరుగుతుంది. ఆ చేప ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

ఇది గుడ్లు కాదు, నేరుగా పిల్లల్నే వదులుతుంది. చెరువుల్లో ఆ పిల్లల్ని సైక్లాప్స్ అనే నీటి పురుగు మింగుతుంది, సైక్లాప్స్‌ను చేప తింటుంది. పాతతరం వాళ్లకు నారికురుపు గుర్తుండే ఉంటుంది. ఆ పురుగు కూడా సైక్లాప్స్ ద్వారానే మనిషిలోకి వచ్చేది, దీనికి దూరపు చుట్టం. నీళ్లు గుడ్డతో వడకట్టి తాగడం లాంటి జాగ్రత్తలతో నారికురుపును తరిమేశాం, 2000లో మన దేశానికి ఆ జబ్బు లేదన్న ధ్రువీకరణ కూడా వచ్చింది. అక్వేరియంలో మాత్రం అంత తేలిక కాదు. సైక్లాప్స్ లేకపోయినా కమలానస్ పిల్లలు ఒక చేప నుంచి ఇంకో చేపకు నేరుగా చేరగలవు. చేపలు అడుగున గులకరాళ్లలో ఏరుకు తింటాయి కదా, పురుగు పిల్లలు ఉండేదీ అక్కడే. కాబట్టి ఒక్క చేపలో కనబడినా తొట్టిలో ఉన్న చేపలన్నిటికీ వైద్యం చేయాలి.

షాపతను ఇచ్చిన నీలం మందు మిథిలీన్ బ్లూ అయి ఉంటుంది. అది, కల్లుప్పు, ఆకుపచ్చగా ఉండే మాలకైట్ గ్రీన్, ఇవన్నీ ఒంటి మీద ఫంగస్‌కో పైపై పరాన్నజీవులకో వాడేవి. పేగులో ఉన్న పురుగుకు వీటితో ఏమీ కాదు. ఇక ఏటా ఫిబ్రవరి 10న బడుల్లో పిల్లలకిచ్చే 400 మిల్లీగ్రాముల అల్బెండజోల్ మాత్ర సంగతి. అది నీళ్లలో కరగదు. పొడి అడుగున పేరుకుంటుంది, చేప కడుపులోకి ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరు. వేయొద్దు.

దీనికి బాగా పనిచేసేది లివామిసోల్. నీళ్లలో చక్కగా కరుగుతుంది, పురుగు కండరాలను బిగుసుకుపోయేలా చేసి పట్టు వదిలిస్తుంది, ఆ తర్వాత చేపే దాన్ని బయటికి తోసేస్తుంది. 150 మిల్లీగ్రాముల మాత్రగానూ, పశువులకు మిల్లీలీటరుకు 75 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌గానూ వస్తుంది. దగ్గర్లోని పశువైద్యుణ్ని అడిగి రాయించుకోండి. ఇంజెక్షన్ అన్నాను గానీ చేపకు పొడవడానికి కాదు, తొట్టి నీళ్లలో కలపడానికే. సీసా మీద లివామిసోల్ ఒక్కటే ఉండాలి. గొర్రెలకు తాగించే మందుల్లో చాలావాటిలో దీనితో పాటు ఆక్సిక్లోజనైడ్ కలిపి ఉంటుంది. అది జలగలకు, అంటే కాలేయపు పురుగులకు వేసే మందు, చేపలకు పడదు. ఐవర్‌మెక్టిన్ జోలికీ పోవద్దు. పశువులకు మంచి మందే గానీ నీళ్లలో కలిపితే చేపల్ని చంపుతుంది.

మోతాదు లీటరు నీటికి 2 మిల్లీగ్రాములు. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. షాపులో చెప్పిన లీటర్లు కాదు, లోపల నిజంగా ఉన్న నీళ్లు కావాలి. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు అంగుళాల్లో కొలిచి మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 16.4తో గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. మీ తొట్టి 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, నీళ్లు 10 అంగుళాల ఎత్తు అనుకుందాం. దాదాపు 47 లీటర్లు. అంగుళంన్నర మందాన పరిచిన రాళ్లు ఒక 4 లీటర్లు ఆక్రమిస్తాయి. మిగిలింది 43 లీటర్లు, మందు 86 మిల్లీగ్రాములు. మాత్ర అయితే ఒకటి మెత్తగా నూరి 15 మిల్లీలీటర్ల నీళ్లలో కలపండి, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు అవుతుంది. పలచటి గుడ్డలో వడకట్టి, సూది లేని సిరంజితో 8.6 మిల్లీలీటర్లు తీసుకోండి. ఇంజెక్షన్ మందైతే 1.1 మిల్లీలీటర్లు చాలు. దాన్ని ఒక మగ్గు తొట్టినీళ్లలో కలిపి, తొట్టంతా చల్లినట్టు పోయండి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి.

మందు వేసేముందు ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే తీసేయండి, అది మందును పీల్చేస్తుంది. స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంప్ నడుస్తూనే ఉండాలి. ఈ మోతాదు ఫిల్టర్‌లోని మేలు చేసే బ్యాక్టీరియాను సాధారణంగా ఏమీ చేయదు. లైటు ఆర్పి తొట్టి మీద ముదురు రంగు గుడ్డ కప్పండి, వెలుతురులో మందు బలం తగ్గుతుంది. ఆ రోజు మేత వేయొద్దు. సాయంత్రం వేసి మరునాడు సాయంత్రం, అంటే సరిగ్గా 24 గంటలకు, నీళ్లు మార్చండి.

ఇప్పుడు అసలు కష్టం. రాలిన పురుగులన్నీ చచ్చినవి కావు, కొన్ని చేష్టలుడిగి పడి ఉంటాయంతే. ఆడ పురుగు కడుపులో పిల్లలూ ఉంటాయి. అడుగున వదిలేస్తే చేపలు మళ్లీ వాటినే తింటాయి. సైఫన్ గొట్టాన్ని రాళ్లలోకి గుచ్చి మూలమూలలా కదిలిస్తూ మురికి లాగండి, కనీసం సగం నీళ్లు పోయేదాకా. గొట్టాన్ని నోటితో పీల్చే అలవాటుంటే మానండి, చేతి పంపున్న సైఫన్ కొనుక్కోండి. కొత్తగా పోసే నీళ్లు మున్సిపల్ నీళ్లయితే యాంటీక్లోరిన్ వేశాకే పోయండి. కుదిరితే వైద్యం పూర్తయ్యేదాకా రాళ్లు మొత్తం తీసి అడుగు ఖాళీగా ఉంచండి, అన్నిటికంటే అదే నయం. మర్నాడు ఒకటి రెండు చేపలకు పురుగు చచ్చి వేలాడుతూ ఉండొచ్చు, దానంతట అదే పడిపోతుంది. బాగా చిక్కిన చేప మందు తర్వాత పోతే మందు ఎక్కువైందని కంగారు పడొద్దు. అప్పటికే దాని పేగు పుండై ఉంటుంది.

రెండు మూడు వారాలకు ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి, ఎర్ర పోగులు కనబడకపోయినా సరే. పేగులో ఇంకా ఎదగని పురుగుల మీద మందు అంతగా పనిచేయదు, అవి పెరిగాక దెబ్బకొట్టాలి. ‘మందు పనిచేయలేదు డాక్టర్ గారూ’ అని వచ్చేవాళ్లలో ఎక్కువమంది రెండో డోసు ఎగ్గొట్టినవాళ్లే, లేదా జబ్బు తొట్టిలో ముంచిన వలను, బకెట్‌ను పక్క తొట్టిలో వాడి తిరగబెట్టుకున్నవాళ్లు. వలను వేడి నీళ్లలో ముంచి ఎండలో ఆరబెట్టండి.

లివామిసోల్ దొరక్కపోతే ఫెన్‌బెండజోల్ ఉంది. నీళ్లలో కరగదు కాబట్టి మేతలోనే పెట్టాలి, చేపలు తింటూ ఉంటేనే ఉపయోగం. 100 గ్రాముల మేతకు 250 మిల్లీగ్రాములు. 20 గ్రాముల మేతకైతే 50, అంటే 150 మిల్లీగ్రాముల ఫెన్‌బెండజోల్ మాత్రలో మూడో వంతు. మేత పొడిచేసి మందు పొడి బాగా కలపండి. చెంచాడు జెలటిన్‌ను వేడి నీళ్లలో కరిగించి, గోరువెచ్చగా అయ్యాక ఇందులో పోసి ముద్ద చేయండి. పలచగా పరిచి ఫ్రిజ్‌లో పెడితే గడ్డకడుతుంది, చిన్న ముక్కలు కోసి మూడు రోజులు వేయండి. ఇంట్లో జెలటిన్ వాడరంటే చైనాగ్రాస్‌తోనూ కుదురుతుంది. రెండు మూడు వారాలకు మళ్లీ మూడు రోజులు. తొట్టిలో నత్తలుంటే ముందే వేరే చోటికి మార్చండి, ఈ మందుకు అవి చస్తాయి, కుళ్లి అమ్మోనియా పెంచుతాయి. వెల్లుల్లి రసం కలిపితే చేపలు ఇష్టంగా తినొచ్చు గానీ పురుగులు దానితో పోవు.

మీ అబ్బాయి విషయంలో భయం లేదు, ఈ పురుగు మనుషుల్లో బతకదు. అయితే చేతికి గాయం, పుండు ఉన్నప్పుడు మాత్రం ఏ అక్వేరియంలోనూ చెయ్యి పెట్టనీయొద్దు. చేపల తొట్ల నీళ్లలో ఉండే ఒక రకం మైకోబ్యాక్టీరియా వల్ల చర్మం మీద నెలల తరబడి మానని గడ్డలు రావచ్చు. మామూలు రోజుల్లో సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు.

పురుగు మీ ఇంట్లోకి కొత్త చేపతోనో, బతికున్న మేతతోనో వచ్చి ఉంటుంది. చెరువు నీళ్లలో పట్టిన డాఫ్నియాలో సైక్లాప్స్ కలిసే ఉంటాయి. మురుగు బురదలో పెరిగే ట్యూబిఫెక్స్‌తోనూ రకరకాల జబ్బులు వస్తాయి. గడ్డకట్టించినదో ఎండబెట్టినదో కొనండి. కొత్త చేపల్ని నెల రోజులు విడి టబ్బులో, విడి వలతో ఉంచి, పురుగు అనుమానం ఉంటే అక్కడే రెండు డోసులూ పూర్తి చేసి తర్వాత కలపండి. మీ తొట్టికి వైద్యం పూర్తయ్యేదాకా గప్పీ పిల్లల్ని పక్కింటివాళ్లకు పంచొద్దు, దోమలు తింటాయని చెరువులోనో బావిలోనో వదలొద్దు. రెండో డోసు అయ్యాక కూడా ఎర్ర పోగులు కనబడితే, అప్పుడే చనిపోయిన చేపను ఐస్ మీద పెట్టి పశువైద్య కళాశాలకో మత్స్యశాఖ ల్యాబ్‌కో తీసుకెళ్లండి. పేగు కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిన చేప అంతగా పనికిరాదు.