క్లీట్లు ఎక్కడ బిగించాలి? మోకాలి నొప్పి, పాదం మొద్దుబారడం గురించి నా అనుభవం

సైకిల్ తొక్కడానికి రెండు వారాల క్రితం క్లీట్ షూలకు (అడుగున బిగించిన క్లీటు అనే ముక్క పెడల్‌లో ఇరుక్కుని పాదాన్ని పట్టి ఉంచే షూలు) మారానని, గంట తొక్కేసరికి కుడి పాదం మొద్దుబారుతోందని, ఎడమ మోకాలు బయటి వైపు లాగుతోందని రాశారు. క్లీట్లు వెనక్కి జరిపితే బలం తగ్గుతుందేమోనని కూడా అడిగారు. ఈ రెండు బాధలూ నేను పడ్డవే కాబట్టి వివరంగా చెబుతాను.

ముందు మోకాలి సంగతి చూడండి, దాన్ని నాన్చకూడదు. నేను మొదట్లో రెండు క్లీట్లనూ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా బిగించాను. మూడో వారానికి ఎడమ మోకాలి బయటి వైపు సలుపు మొదలైంది, మెట్లు దిగుతుంటే బాగా తెలిసేది. సీటు ఎత్తు తప్పేమో అనుకుని దాన్నే పైకీ కిందికీ మార్చుకుంటూ కూర్చున్నాను. తగ్గలేదు. ఒకరోజు బల్ల అంచున కూర్చుని కాళ్లు వదులుగా వేలాడేసి చూసుకుంటే అర్థమైంది. కుడి పాదం దాదాపు తిన్నగానే ఉంది, ఎడమ పాదం వేళ్లు మాత్రం బయటికి తిరిగి ఉన్నాయి. అలాంటి పాదాన్ని పట్టి తిన్నగా నిలబెట్టి, నిమిషానికి 80, 90 సార్లు పెడల్ తిప్పుతున్నాను. పాదానికి తిరిగే వీలు లేకపోతే ఆ మెలిక అంతా మోకాలి మీదే పడుతుంది.

అందుకే రెండు పాదాలనూ విడివిడిగా చూడండి. రెండు క్లీట్లూ ఒకేలా ఉండాలన్న నియమం ఏమీ లేదు.

తిప్పేటప్పుడు ఒక్క విషయం జాగ్రత్త. పెడల్‌లో క్లీటు ఎప్పుడూ తిన్నగానే కూర్చుంటుంది, తిరిగేది షూ. కాబట్టి వేళ్లు బయటికి తిరగాలంటే క్లీటు ముక్కును బొటనవేలి వైపుకు తిప్పాలి. నేను మొదటిసారి దీన్ని తిరగేసి చేశాను, మర్నాటికి నొప్పి ఇంకా పెరిగింది.

పెడల్‌లో ఉండగానే మడమ అటూ ఇటూ కాస్త కదిలే వీలును ఫ్లోట్ అంటారు. అది క్లీటు రంగును బట్టి తెలుస్తుంది, కానీ రంగుల లెక్క కంపెనీని బట్టి మారుతుంది. షిమానో రోడ్ క్లీట్లలో పసుపుకి 6 డిగ్రీలు, నీలానికి 2, ఎరుపుకి అసలు కదలిక ఉండదు. లుక్ కియో క్లీట్లలో ఎరుపే అన్నిటికంటే వదులు, 9 డిగ్రీలు. బూడిద రంగుకు 4.5, నలుపుకి సున్నా. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కదలిక లేని క్లీట్ల జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇక మొద్దుబారడం. క్లీటు మరీ ముందుకు ఉంటే ఒత్తిడంతా వేళ్ల మొదట్లో పడుతుంది, వేళ్లకు వెళ్లే నరాలు ఆ ఎముకల సందుల్లోంచే వెళ్తాయి. షూ వేసుకుని నిలబడి, పక్క నుంచి వేలితో నొక్కి చూడండి. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఒక ఎముక తగులుతుంది. చిటికెన వేలి వైపు అలాంటిదే ఇంకొంచెం వెనక ఉంటుంది. రెండు చోట్లా చిన్న టేపు ముక్క అంటించి పెన్నుతో గుర్తు పెట్టండి. పెడల్ ఇరుసు ఆ రెండు గుర్తుల మధ్యలోకి వచ్చేలా క్లీటు పెడితే మొదలుకి సరిపోతుంది. మొద్దుబారడం తగ్గకపోతే చిటికెన వేలి గుర్తు వైపు 2 మిల్లీమీటర్ల చొప్పున వెనక్కి జరపండి. అయితే క్లీటు చూసే ముందు, షూ పట్టీలు మరీ బిగించేస్తున్నారేమో ఒకసారి చూసుకోండి. పాదం ఎండకు, వేడికి ఉబ్బుతుంది.

వెనక్కి జరిపితే బలం తగ్గుతుందన్న టెన్షన్ వద్దు. బలం పుట్టేది తొడల్లో, పిరుదుల్లో. క్లీటు ముందుకు ఉన్నకొద్దీ మడమను నిలబెట్టడానికి పిక్క ఎక్కువ కష్టపడాలి. నేను 5 మిల్లీమీటర్లు వెనక్కి జరిపాక నిలకడగా తొక్కేటప్పుడు వేగంలో తేడా ఏమీ కనిపించలేదు, పిక్కలు పట్టేయడం మాత్రం బాగా తగ్గింది. సీటు మీంచి లేచి ఒక్కసారిగా విసురుగా తొక్కేవాళ్లకు కొంచెం ముందున్న క్లీటే చురుగ్గా అనిపించవచ్చు. క్లీటు వెనక్కి వెళ్తే కాలికి అందే దూరం తగ్గుతుంది కాబట్టి సీటును కూడా ఒకటి రెండు మిల్లీమీటర్లు దించాల్సి రావచ్చు.

అడ్డంగా జరిపే వీలు కొద్దిగానే ఉంటుంది. మడమ క్రాంకుకు (పెడల్ బిగించి ఉండే కడ్డీకి) రాసుకుంటుంటే క్లీటును లోపలి వైపుకు జరపండి, పాదం బయటికి వస్తుంది.

ఏ మార్పు చేసే ముందైనా ఇప్పుడున్న క్లీటు చుట్టూ మార్కర్‌తో గీత గీసి ఫోటో తీసుకోండి. ఒకసారికి ఒకే మార్పు, తర్వాత కనీసం రెండు మూడు రైడ్లు. బోల్టులకు కాస్త గ్రీజు పూసి, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, 5 నుంచి 6 న్యూటన్ మీటర్ల (బిగువును కొలిచే లెక్క) దాకా బిగించండి. మొదటి రైడ్ అయ్యాక మళ్లీ బిగువు చూడండి. వదులైన క్లీటు పెడల్ నుంచి విడిపోకుండా షూ కింద గుండ్రంగా తిరుగుతుంది, అప్పుడు ఆగినచోట కాలు బయటికి రాదు.

మోకాలు రైడ్ లేనప్పుడు కూడా నొప్పి పెడుతుంటే, లేదా వాపు కనిపిస్తే, తొక్కడం ఆపి డాక్టరుకు చూపించండి. మీది ఏ పెడల్, క్లీట్లు ఏ రంగు అన్నది రాస్తే మోకాలి విషయం ఇంకొంచెం సరిగ్గా చెప్పగలను.