పేరు చివర్లో చూసుకుందాం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఫోటో అందింది. సంతకం లేని ఆ ఇటలీ యువతి చిత్రాన్ని ఎవరు గీశారో తేల్చాలని టెన్షన్ పడుతున్నావు సరే, ఉత్తరం మొదటి పంక్తిలోనే లియొనార్డో డావిన్చి పేరు ఎందుకమ్మా? పేరు ముందే అనేసుకుంటే ఇక ప్రతి గీతా దానికే సాక్ష్యం చెబుతుంది.

ముఖం మీద మోజు కాస్త పక్కన పెట్టి, ముందు చిత్రం గీసిన చెక్క పలకను వెనక్కి తిప్పించు. లక్క ముద్రలు, పాత చీటీలు, జాబితా నంబర్లు అన్నీ రాసుకో. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలోని జినెవ్రా దె బెంచి అనే యువతి చిత్రానికీ సంతకం లేదు. దాని వెనక లారెల్, తాటి కొమ్మల మధ్య జునిపర్ అనే చెట్టు రెమ్మ, ఒక లాటిన్ వాక్యం ఉన్నాయి. ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే ఆ అక్షరాల కింద బెర్నార్దో బెంబో నినాదం బయటపడింది. బెంబో 1475లో వెనిస్ రాయబారిగా ఫ్లారెన్స్ వచ్చినవాడు. దాంతో గీసినవాడి పేరు తేలిపోలేదు కానీ, కాలమూ చుట్టూ ఉన్న మనుషులూ తెలిశారు. లియొనార్డో ఆమెను చిత్రించాడని, చిత్రకారుల జీవితాలు రాసిన వసారి చెప్పిన మాట, చిత్రంలోని పనితనం దానికి తోడయ్యాయి.

ఇటలీ పలకలు ఎక్కువగా పోప్లార్ చెక్కవి. ఓక్ అయితే చెక్కలోని వలయాలు లెక్కపెట్టి, ఏ ఏడాదికి ముందు గీసి ఉండరో చెప్పొచ్చు. పోప్లార్‌తో ఆ పని కష్టం. రంగుల్లో టైటానియం వైట్ అనే తెల్ల రంగు కనిపిస్తే ఆ రంగు 20వ శతాబ్దపుది. అయినా వెంటనే నకిలీ అనేయకు, తర్వాత ఎవరో చేసిన మరమ్మతు కావచ్చు.

ఇక గీసిన చేతి తీరు. మొరెల్లి అనే కళా విమర్శకుడు వైద్యం చదివినవాడు; ఒక్కో చిత్రకారుడు ఒక్కో తీరుగా వేస్తాడని చిత్రాల్లో చెవులు, గోళ్లు పరీక్షించేవాడు. అలాగే డ్రెస్డెన్‌లో నకలుగా పడి ఉన్న నిద్రిస్తున్న వీనస్ చిత్రాన్ని వెనిస్ చిత్రకారుడు జార్జోనెదని గుర్తించాడు. దాన్ని పూర్తిచేసింది టిషన్ అనే మరో చిత్రకారుడని ఇప్పుడు చాలామంది అంటారు. చూశావా, ఒక్క చిత్రంలో రెండు చేతులు! గురువు ముఖం వేస్తే శిష్యులు బట్టలు, నేపథ్యం వేసిన రోజులవి. చెవిని కూడా మంచి శిష్యుడు అచ్చుగుద్దినట్టు దించేయగలడు. అందుకే ముఖం, చేయి, దుస్తులు విడివిడిగా పోల్చు, అదీ అనుమానం లేని చిత్రాలతోనే.

యజమాని ఎదుట మాత్రం ఏ పేరూ ఎత్తకు. ఆ క్షణమే ధర మారిపోతుంది, నీ నోట మాట కాగితమెక్కుతుంది. రిపోర్టులో ప్రస్తుతానికి "ఫ్లారెన్స్ చిత్రకారుడు, 15వ శతాబ్దం చివర" అని రాయి. అది కూడా చెక్క, రంగులు ఒప్పుకుంటేనే.

మీ మామయ్య