నవ్వే పిట్టా, నవ్వుపిట్టా?

సందేహం: పక్షుల గురించిన వ్యాసమొకటి అనువదిస్తూ లాఫింగ్‌త్రష్‌ను ‘నవ్వే త్రష్ జాతి పక్షి’ అని రాశాను. అందులో ‘నవ్వే’, ‘జాతి’ రెండూ సరిగా లేవని మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

సమాధానం: ‘నవ్వే’ తప్పు కాదు. కానీ అది పేరులా కాకుండా వర్ణనలా వినిపిస్తుంది. కుట్టు మిషన్ మూలన పడి ఉన్నా కుట్టు మిషనే. ‘కుట్టే మిషన్’ అంటే ఇప్పుడు కుడుతున్నదేమో అనిపిస్తుంది. ‘ఎగిరే పళ్లెం’ లాంటివి వాడుకలో నిలబడ్డాయి, కాదనను. అయినా ‘నవ్వుపిట్ట’ అంటే నోటికి హాయిగా ఉంటుంది. పిట్ట మౌనంగా ఉన్నప్పుడు కూడా చెల్లుతుంది.

‘నవ్వుపిట్ట’లో ‘త్రష్’ అనే మాట లేదు కదా, దాన్ని వదిలేయమనడానికి కారణముంది. త్రష్‌లు అంటే ఒక రకం పాటపిట్టలు. ఇవి అసలు త్రష్‌లే కావు. త్రష్‌లది టర్డిడే కుటుంబం, వీటిది లియోత్రిఖిడే. మన తోటల్లో గుంపుగా కలకలం చేసే సెవెన్ సిస్టర్స్ పిట్టలదీ ఈ కుటుంబమే.

ఇక ‘జాతి’. మీ మిత్రుడి అభ్యంతరంలో అసలు బలం ఇక్కడే ఉంది. వాడుకలో ఈ మాటకు హద్దు లేదు: తెలుగు జాతి, జాతి కుక్క, జాతీయ జెండా. జీవశాస్త్రంలో మాత్రం దానికి ఒక్క మెట్టే. కుటుంబం కింద ప్రజాతి, ప్రజాతి కింద జాతి, దాని కింద ఉపజాతి. నవ్వుపిట్టలు ఒక జాతి కాదు, ఎన్నో జాతులు. అవన్నీ ఒకే ప్రజాతిలో కూడా లేవు. ఒకప్పుడు చాలావాటిని గారులాక్స్ అనే ఒక్క ప్రజాతిలో చేర్చేవారు. జన్యువులను పోల్చి చూశాక దాన్ని విడగొట్టారు. పశ్చిమ కనుమల ఎత్తయిన కొండల్లో ఉండే నాలుగు జాతులకు 2017లో మాంటెసింక్లా అనే కొత్త ప్రజాతినే ఏర్పరచారు. వాటిలో నీలగిరి నవ్వుపిట్ట ఒకటి. దాని శాస్త్రీయ నామంలో ప్రజాతి మారింది కానీ, 1839లో పక్షి శాస్త్రవేత్త జెర్డన్ పెట్టిన ‘కకినన్స్’ అనే రెండో మాట అలాగే ఉంది. లాటిన్‌లో దానికి పగలబడి నవ్వేది అని అర్థం. ప్రజాతి మారినా పిట్ట నవ్వు పేరులోంచి పోలేదన్నమాట, నాకది ఎంతో నచ్చింది.

కాబట్టి ‘నవ్వుపిట్ట జాతి’ అనకండి. ‘నవ్వుపిట్టల్లో ఒక జాతి’ అనండి. ఏ జాతో తెలిస్తే ‘నీలగిరి నవ్వుపిట్ట’ అని నేరుగా పేరే రాయండి. మొదటిసారి వచ్చినచోట పక్కనే లాఫింగ్‌త్రష్ అని కూడా ఇస్తే, పాఠకుడు వెతుక్కోవడానికి వీలుగా ఉంటుంది.