బెంగళూరులో వేసవి ముందు పూలమడి: ఇప్పుడు ఏం కొయ్యాలి, జూన్‌లో ఏం నాటాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: గేటు పక్కన చిన్న పూలమడి ఉంది, మధ్యాహ్నం దాకా ఎండ పడుతుంది. నిరుడు కొన్న పెటూనియాలు, డయాంథస్‌లు వేసవిలో మాడిపోయాయి. ఈసారి ఉగాదిలోపు మడి శుభ్రం చేసి, ఏటేటా కొనక్కర్లేని పూలమొక్కలు పెట్టాలనుకుంటున్నారు. నేనూ జయనగర్ వైపు ఇలాంటి మడినే చాలా ఏళ్లుగా చూసుకుంటున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

శుభ్రం ఇప్పుడే చేయండి, నాటడం మాత్రం జూన్ వానలకు ఆపుకోండి. యూట్యూబ్‌లో కనిపించే స్ప్రింగ్ గార్డెన్ వీడియోలు మంచు పడే దేశాలవి. అక్కడ మొక్కలు చలికాలమంతా నిద్రపోయి, మార్చి తర్వాత చిగురు వేస్తాయి. అందుకే ఎండుకాడలన్నీ మొదలంటా కోసేసి, వెంటనే కొత్తవి నాటుతారు. మనకు ఫిబ్రవరి, మార్చి దాటితే వచ్చేది ఏప్రిల్ ఎండ. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్నా ఏప్రిల్ ఏప్రిలే. ఇప్పుడు అన్నీ బోడిగా కోస్తే, లేత చిగురు సరిగ్గా ఆ ఎండకు దొరుకుతుంది.

ముందు కలుపు. వయ్యారిభామను పూత రాకముందే పీకండి, చేతికి గ్లౌజులు తప్పనిసరి, చాలామందికి దానితో ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. తుంగను పైపైన లాగితే లాభం లేదు. ముందురోజు సాయంత్రం నీళ్లు పెట్టి, పొద్దున్నే బొరిగెతో లోతుగా తవ్వితే నల్లటి చిన్న గడ్డలు వరసగా వేరుకు కట్టి కనిపిస్తాయి. అవి బయటికి రావాలి. ఒక్క గడ్డ మిగిలినా మళ్లీ మొలుస్తుంది.

రాలిన ఆకులను తగలబెట్టకండి, చెత్తబండికీ ఇవ్వకండి. తెగులు పట్టినవి ఏరేసి, మిగతావి రెండు మూడు అంగుళాల మందాన మడి మీద పరవండి. మన ఎర్రమట్టి ఎండితే గట్టిపడిపోతుంది, ఈ పొర ఉంటే తేమ నిలుస్తుంది. మొక్క కాండానికి మాత్రం ఒక జానెడు దూరంలో ఆపండి, ఎండాకు కాండానికి తగిలితే చెదలు వస్తాయి.

ఇక కత్తెర. మల్లె జోలికి ఇప్పుడు పోకండి, దాన్ని కొయ్యాల్సింది నవంబరు, డిసెంబరుల్లో. ఇప్పుడు కోస్తే ఈ వేసవి మొగ్గలు పోతాయి. గులాబీలకు ఎండుపుల్లలు తీస్తే చాలు, గట్టి కత్తిరింపు అక్టోబరుకు. డిసెంబరాలు పూత అయిపోయింది కాబట్టి ధైర్యంగా తగ్గించవచ్చు. చామంతి కాడలు నేలకు కొంచెం పైన కోస్తే, మొదలు దగ్గర పిలకలు కనిపిస్తాయి, వచ్చే ఏటి పూలు వాటివే. మందారం కొమ్మల కొసలు కోస్తూ కణుపుల్లో తెల్లటి పిండినల్లి ఉందేమో చూడండి. ఉంటే లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. ఏదైనా చచ్చిందనిపిస్తే పీకేముందు గోటితో బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ఇంకా ప్రాణం ఉన్నట్టే.

నీళ్ల సంగతి ఇక్కడ తేలిగ్గా తీసుకోకూడదు. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు తాగునీటిని తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లు పక్కన పెట్టుకోండి. ఆర్వో మెషిన్ వదిలే నీళ్లు మాత్రం రోజూ పోయకండి, వాటిలో ఉప్పులు ఎక్కువ, ఆకు అంచులు మాడతాయి.

కొనేటప్పుడు పూలు చూసి మోసపోకండి. జనవరి 26కి లాల్‌బాగ్‌లో ఫ్లవర్ షో అయ్యాక ప్రతి నర్సరీ రంగులతో నిండిపోతుంది, కానీ వాటిలో చాలావరకు ఒక్క సీజన్ మొక్కలే. ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం మీ వీధిలో నడిచి, అప్పటికీ ఏ ఇంట్లో ఏది పూస్తోందో చూడండి. నర్సరీవాళ్ల మాట కంటే నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను.

మీ మడికి వెనక వరసలో నందివర్ధనం, మందారం, మధ్యలో నూరువరహాలు, పెంటాస్, నీలంపూల ప్లంబాగో, ముందు అంచున రెయిన్ లిల్లీ గడ్డలు పెట్టమంటాను. గన్నేరు ఎండకు బాగా తట్టుకుంటుంది గానీ మొక్కంతా విషం, గేటు దగ్గర పిల్లలు, కుక్కలు తిరుగుతుంటే వద్దు. లాంటానా కూడా వద్దు. బందీపూర్ అడవిని అది ఎలా ఆక్రమించిందో చూసినవాళ్లెవరూ ఇంట్లో పెట్టుకోరు.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైనది కనకాంబరం. కొంచెం నీడ పడినా పూస్తుంది, కోసిన కొద్దీ పూస్తుంది, పూలు వాడిపోకుండా నిలుస్తాయి. నాటురకమైతే ఎండిన వెన్నుల మీద నీళ్లు పడగానే కాయలు టప్‌మని పగిలి గింజలు ఎగురుతాయి, వానలకు చుట్టూ నారు మొలుస్తుంది. ఢిల్లీ కనకాంబరానికి గింజ కట్టదు, కొమ్మ కత్తిరించి నాటుకోవాలి. ఊరి అంచున హెసరఘట్టలో ఉన్న ఉద్యాన పరిశోధన సంస్థ అర్క పేరుతో కొత్త రకాలూ ఇచ్చింది. దీనికి ఒకటే బాధ, మట్టిలో ఉండే నులిపురుగుల (నెమటోడ్ల) వల్ల వేళ్ల మీద బుడిపెలు వచ్చి మొక్క వడలిపోతుంది. గుంటలో గుప్పెడు వేపపిండి వేసి, పక్కనే బంతి పెడితే చాలావరకు కాచుకోవచ్చు.

జూన్‌లో సిద్ధాపుర నర్సరీలకు వెళ్లినప్పుడు పొడుగ్గా ఒకే కొమ్మతో పూసినదాన్ని వదిలేసి, మొదట్లోనే మూడు నాలుగు కొమ్మలు వేసిన పొట్టి మొక్కను తీసుకోండి. కవరు తీశాక లోపల ఎర్రమట్టి ముద్ద గట్టిగా ఉంటే అలాగే పూడ్చకండి, ఆ ముద్దలోకి నీళ్లు దిగవు. బకెట్ నీళ్లలో కాసేపు ముంచి, అంచుల మట్టి వేళ్లతో మెల్లగా వదులు చేసి నాటండి.

వానాకాలంలో మీ మడిలో నీళ్లు నిలుస్తాయా? నిలిచే మూల ఉంటే చెప్పండి, అక్కడ మెట్టతామర (కానా) పెట్టొచ్చు. మా ఇంట్లో జూన్‌కల్లా దుంపలు విడదీస్తాను, మీకూ ఇస్తాను.