బుట్టల కొద్దీ నిమ్మకాయలు కాస్తే ఏం చేయాలి?
హనుమకొండలో పెరటి చెట్టుకు రెండు బుట్టల నిమ్మకాయలు దిగాయి, పాడవకుండా ఎలా వాడుకోవాలని అడిగారు. ముందు తొక్కు పెట్టండి. ముక్కలకు ఉప్పు, పసుపు కలిపి జాడీలో ఊరనివ్వాలి; తొక్క మెత్తబడ్డాకే కారం, మెంతిపిండి, పోపు. తొందరపడితే చేదుగానే ఉంటుంది. అల్యూమినియం డబ్బా మాత్రం వద్దు, పులుపు లోహాన్ని తినేస్తుంది. మిగతావి పిండి ఐస్ ట్రేలో గడ్డకట్టించండి, మే ఎండల్లో షర్బత్‌కు పనికొస్తాయి.

పిండిన చెక్కలు పారేస్తారేమో, ఆగండి! ఉప్పు అద్ది రుద్దితే సిట్రిక్ ఆమ్లం ఇత్తడి మీది నలుపును కరిగిస్తుంది. బతుకమ్మ తాంబాళం మేం అలాగే తోముతాం, వెంటనే నీళ్లతో కడిగేస్తాం. పెంబర్తి ఇత్తడి బొమ్మల మీద మెరుగుపూత ఉంటే ఈ ప్రయోగం చేయకండి. పాలరాతి గచ్చు మీదా రసం పడనీయొద్దు, మచ్చ పడితే పోదు.