పాచికల పంచాయితీ: చేతిలో గవ్వ ఉంది కదా అని...

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. పాత్రలు కట్టి పాచికలతో ఆడే కథల ఆట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో ఒక్క వంతులో ఎన్ని మంత్రాలు వేయొచ్చు, అదనంగా దొరికిన యాక్షన్ దేనికి పనికొస్తుంది అని. కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు కాస్త చెబుతాను. పోరాటం మొదలయ్యాక ఒక్కో రౌండు ఆరు సెకన్ల లెక్క. అందులో అందరికీ తలో వంతు వస్తుంది. మీ వంతులో నడక కాక ఒక యాక్షన్, అంటే కొట్టడమో మంత్రం వేయడమో ఒక పని, ఉంటుంది. ఏ విద్య వల్లో, ఏ మంత్రం వల్లో హక్కు వస్తే ఒక బోనస్ యాక్షన్ కూడా. రియాక్షన్ (ఎదుటివాడు చేసినదానికి అప్పటికప్పుడు ఇచ్చే జవాబు) రౌండుకి ఒకటే, దాన్ని ఎదుటివాడి వంతులోనూ వాడుకోవచ్చు.

పర్లాకిమిడిలో మా బట్టల కొట్టు వెనక గదిలో ఆదివారం ఆడతాం. యాక్షన్‌కి రూపాయి బిళ్ళ, బోనస్ యాక్షన్‌కి గవ్వ, రియాక్షన్‌కి చొక్కా గుండీ, స్పెల్ స్లాట్లకి (మంత్రం వేస్తే ఖర్చయ్యే శక్తి లెక్క) చింతపిక్కలు. ఖర్చయింది ఖర్చయినట్టు బల్ల మధ్యనున్న స్టీలు గిన్నెలో పడేయాలి. డ్రాగన్ బొమ్మ కొనే స్తోమత లేక, మా ఊరి కొమ్ము పనివాళ్ళు చేసిన కొంగని నిలబెట్టి నడిపిస్తున్నాం. మెడ పొడుగు కాబట్టి నిప్పు కక్కుతోందంటే నమ్మబుద్ధేస్తుంది.

ప్ర: గురువుగారూ, నాది సోర్సరర్ అనే మంత్రగాడి పాత్ర. మంత్రాన్ని త్వరపెట్టే క్విక్కెన్డ్ స్పెల్ విద్యతో ఒక ఫైర్‌బాల్ (నిప్పుముద్ద) మంత్రాన్ని బోనస్ యాక్షన్‌లోకి మార్చి వేశాను. మామూలు యాక్షన్ మిగిలే ఉంది, స్లాట్ కూడా ఉంది. రెండో ఫైర్‌బాల్ వేయబోతే ఆట నడిపే డీఎం వద్దన్నాడు. క్విక్కెన్డ్‌కి పెట్టిన రెండు సోర్సరీ పాయింట్లు బూడిదలో పోసినట్టేనా? (ఇంజినీరింగు విద్యార్థి, గుణుపూర్)

జ: వద్దనడం న్యాయమే బాబూ. 2014లో వచ్చిన నియమాల పుస్తకంలో మాట సూటిగా ఉంది: బోనస్ యాక్షన్‌తో ఏ మంత్రమైనా వేశావంటే ఆ వంతులో ఇక నువ్వు వేయగలిగింది క్యాంట్రిప్ (స్లాట్ ఖర్చులేని చిన్న మంత్రం) ఒక్కటే, అదీ ఒక యాక్షన్ పట్టే క్యాంట్రిప్. ముందు ఏది వేశావు, వెనక ఏది వేశావు అన్న తేడా లేదు. రూపాయి ఉంది, చింతపిక్క ఉంది, అయినా కుదరదు. 2024లో వచ్చిన కొత్త పుస్తకంలో మాట మారింది గానీ నీకు ఒరిగేదేమీ లేదు. క్విక్కెన్డ్ వాడిన వంతులో ఒకటో స్థాయి, ఆపై మంత్రం ఇంకోటి వేయకూడదని అక్కడ విడిగా రాశారు.

పాయింట్లు బూడిదలో పోయాయని ఎందుకనుకుంటావు? ఫైర్‌బాల్ వేసిన వంతులోనే ఫైర్ బోల్ట్ క్యాంట్రిప్ కూడా విసురు. లేదంటే ఆ రూపాయితో డాష్ చేసి దూరంగా పరిగెత్తు. ఫైర్‌బాల్ వేసి వేసినచోటే నిలబడిపోయే సోర్సరర్లు ఎంత కాలం బతుకుతారో నేను చూస్తూనే ఉన్నాను.

ప్ర: మీరు వ్యాసమంతా యాక్షన్, బోనస్ యాక్షన్, రియాక్షన్ అని ఇంగ్లీషు ముక్కలు గుమ్మరిస్తారు. చర్య, అదనపు చర్య, ప్రతిచర్య అని హాయిగా తెలుగులో రాయకూడదా? (విశ్రాంత ఉపాధ్యాయులు, బరంపురం)

జ: మాష్టారూ, నమస్కారం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని రాస్తున్నవాణ్ణి. జనం నోట ఏది ఆడుతుందో అది రాయాలని ఆయన పోరాడారు. మా బల్ల దగ్గర నోట ఆడేది యాక్షనే.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ‘బోనస్ యాక్షన్’ని ‘అదనపు చర్య’ అన్నామా, ఆటే తారుమారైపోతుంది. బోనస్ యాక్షన్ అదనంగా దొరికిన యాక్షన్ కాదు. అష్టాచెమ్మాలో నాలుగో ఎనిమిదో పడితే మళ్ళీ వేస్తాం చూడండి, ఆ రెండో పందెం మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు. ఇక్కడ అలాంటిది కావాలంటే ఫైటర్‌కి (ఆయుధం పట్టే యోధుడి పాత్ర) రెండో లెవెల్లో వచ్చే యాక్షన్ సర్జ్ ఉంది. అది నిజంగా ఇంకో రూపాయి బిళ్ళ. బోనస్ యాక్షన్ గవ్వ. ఏ విద్యో, ఏ మంత్రమో ‘దీన్ని గవ్వతో చేసుకో’ అని చెబితేనే గవ్వ చెల్లుతుంది. రూపాయికి రెండు గవ్వలిస్తారా అని చిల్లర అడిగే కుర్రాళ్ళు మా దగ్గరా ఉన్నారు. ఇవ్వరు. రూపాయిని గవ్వగా మార్చడం ఈ ఆటలో లేదు. ఇప్పుడు చెప్పండి, రెంటికీ ‘అదనపు’ అనే మాట తగిలిస్తే పిల్లలు ఎలా విడమరుచుకుంటారు?

ప్ర: మా అన్నయ్యది రెండు విద్యలు కలిసిన పాత్ర: ఐదు లెవెల్ల విజార్డ్ (మంత్రగాడు), రెండు లెవెల్ల ఫైటర్. యాక్షన్ సర్జ్ తీసి ఒకే వంతులో రెండు ఫైర్‌బాల్స్ వేశాడు. ‘ఒక వంతుకి ఒక్కటే మంత్రం’ అని నేను, కాదని అన్నయ్య. మూడు రోజులుగా మాటల్లేవు. (ఒక చెల్లెలు, రాయగడ)

జ: అమ్మా, ముందు అన్నయ్యతో మాట్లాడు. 2014 పుస్తకంతో ఆడుతుంటే గెలుపు అతనిదే. ‘వంతుకి ఒక్కటే మంత్రం’ అన్న నియమం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అందరం ఉందనుకుంటాం. ఉన్నదల్లా పైన గుణుపూర్ అబ్బాయికి చెప్పినదే, అదీ బోనస్ యాక్షన్‌తో మంత్రం వేసినప్పుడే తగులుకుంటుంది. మీ అన్నయ్య గవ్వని ముట్టుకోలేదు. రెండు రూపాయలు, రెండు చింతపిక్కలు ఖర్చుపెట్టాడు. అంతా సక్రమం.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఇదే తప్పు నేను చేసి మేనల్లుణ్ణి ఏడిపించాను. వాడిదీ అచ్చంగా ఇదే పాత్ర. మహేంద్రతనయ మీద పాత వంతెన అనుకుని గీసిన పటం. అటువైపు నుంచి మూడు ఓగర్లు, అంటే భారీ రాక్షసులు. ఒక్కో ఓగర్‌కి 59 ప్రాణాలు. ఫైర్‌బాల్‌కి ఎనిమిది ఆరుముఖాల పాచికలు వేయాలి, సగటున 28 వస్తుంది. వాడు రెండు గుప్పిళ్ళూ కలిపి కుదిపి కుదిపి విసిరాడు. ఒక పాచిక బీరువా కిందికి దొర్లితే కుట్టు స్కేలుతో లాగాం. ఆరు! మొత్తం 31. మూడు ఓగర్లకీ పూర్తి దెబ్బ, తప్పించుకోవడానికి వేసిన పాచికలు ఒక్కదానికీ కలిసిరాలేదు. తలా 28 ప్రాణాలు మిగిలాయి. అంటే ఇంకో ఫైర్‌బాల్ ఓ మోస్తరుగా పడినా చాలు.

“మావయ్యా, సర్జ్! ఇంకోటేస్తన్నాను” అని రెండో చింతపిక్క గిన్నెలో వేశాడు.

“ఒరే, వంతుకొకటేరా” అని గిన్నెలోంచి పిక్క తీసి వాడి చేతిలో పెట్టాను.

“ఎక్కడుందో చూపించు.”

డీఎంని కదా, చూపించలేదు. మిగిలిన యాక్షన్‌తో క్యాంట్రిప్ వేసుకోమని ఒక ధర్మం కూడా చేశాను. తర్వాత వంతులో ఓగర్లు వంతెన దాటి మా క్లెరిక్‌ని (దైవబలంతో మంత్రాలు వేసే పాత్ర) నలిపేశాయి. క్లెరిక్‌ని ఆడుతున్న అమ్మాయి కిక్కురుమనలేదు గానీ మేనల్లుడు తన పాత్ర కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు. రెండు ఆదివారాలు రాలేదు. ఆ రాత్రే పుస్తకం తీశాను. ఆ పేజీ నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ వాడే కరెక్టు. మూడో ఆదివారం పొద్దున్నే వాళ్ళింటికెళ్ళి, ఆ పోరాటం రెండో ఫైర్‌బాల్ దగ్గర్నుంచి మళ్ళీ ఆడదామన్నాను. ఆడాం. రెండోసారి 22 వచ్చింది. ఓగర్లు చావలేదు. అయినా వాడు నవ్వుతూనే ఉన్నాడు.

అయితే ఒకటి. మీరు 2024 పుస్తకంతో ఆడుతుంటే న్యాయం నీ వైపు తిరుగుతుంది. అందులో యాక్షన్ సర్జ్ ఇచ్చే యాక్షన్‌తో ‘మ్యాజిక్ యాక్షన్’ (మంత్రం వేసే యాక్షన్) చేయకూడదు. దానికి తోడు ఒక వంతులో మంత్రం కోసం ఒక్క స్లాటే ఖర్చు చేయాలి, అంటే ఒక్క చింతపిక్కే. స్క్రోల్ (మంత్రం రాసిన కాగితపు చుట్ట) లాంటిదాన్నుంచి వేసే మంత్రానికి మీ పిక్క ఖర్చవదు కాబట్టి అది ఈ లెక్కలోకి రాదు. ఏ పుస్తకమో ఇద్దరూ కలిసి అట్ట మీద చూసుకోండి.

ప్ర: హేస్ట్ (వేగం పెంచే మంత్రం) వేయించుకుంటే అదనంగా యాక్షన్ వస్తుందిగా, దాంతో ఇంకో మంత్రం? (పాతపట్నం)

జ: కుదరదు. ఆ యాక్షన్‌తో చేయగలిగినవి రాసిపెట్టే ఉన్నాయి: ఆయుధంతో ఒకే ఒక్క దెబ్బ, డాష్, డిసెంగేజ్ (దెబ్బ తినకుండా పక్కకి తప్పుకోవడం), దాక్కోవడం, వస్తువు వాడటం. మంత్రం ఆ జాబితాలో లేదు. అందుకే హేస్ట్‌ని మంత్రగాడి మీద కాదు, కత్తివాడి మీద వేయాలి. వేసినవాడు మాత్రం వెనకే ఉండాలి, అతని కాన్సంట్రేషన్ (ఏకాగ్రత) మీదే అదంతా నిలబడి ఉంటుంది. దెబ్బ తగిలితే 10గానీ, తగిలిన దెబ్బలో సగంగానీ, ఏది ఎక్కువైతే అంతకు తక్కువ కాకుండా పాచిక పడాలి. పడలేదా, హేస్ట్ తెగిపోతుంది, ఎగిరెగిరి పొడుస్తున్న కత్తివాడు తన తర్వాతి వంతంతా కొయ్యబొమ్మలా నిలబడిపోతాడు. మా కత్తివాడు అలాగే కొంగ నోట్లో పడ్డాడు.

ప్ర: సారూ, నా వంతుల బోనస్ యాక్షన్‌తోటి మిస్టీ స్టెప్ (మాయమై ఇంకోకాడ తేలే మంత్రం) ఏసిన. తర్వాత గాబ్లిన్ వంతుల వాడు నన్ను కొడితే షీల్డ్ (రియాక్షన్‌తోటి ఏసే రక్షణ మంత్రం) ఏద్దామంటే మా డీఎం ‘బోనస్ యాక్షన్ మంత్రం ఏసినవ్ గదా, ఈ రౌండు అయిపోయింది’ అన్నడు. నిజమేనా? (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

జ: ప్రాణహిత అవతలి నుంచి వచ్చిన మొదటి ఉత్తరం ఇది, సంతోషం. మీ డీఎం రౌండునీ వంతునీ కలిపేశారు. నియమం ‘ఆ వంతులో’ అంటుంది, ‘ఆ రౌండులో’ అనదు. గాబ్లిన్ వంతు మీ వంతు కాదు. గుండీ మీ దగ్గరే ఉంది, పిక్క ఉంది, షీల్డ్ వేసుకోండి, ఏసీకి (దెబ్బ తగలకుండా కాపాడే అంకెకి) 5 కలుపుకోండి. పాత పుస్తకమైనా కొత్తదైనా ఇదే జవాబు.

మీ వంతులోనే అయితే లెక్క వేరు. పాత పుస్తకం ప్రకారం మిస్టీ స్టెప్ వేసి, అదే వంతులో ఫైర్ బోల్ట్ విసిరారనుకోండి. దాన్ని శత్రువు కౌంటర్‌స్పెల్‌తో (ఎదుటి మంత్రాన్ని రియాక్షన్‌తో ఆపే మంత్రం) ఆపితే, మీరు తిరిగి కౌంటర్‌స్పెల్ వేయలేరు. గుండీ ఉన్నా సరే, అది మీ వంతు, గవ్వతో మంత్రం వేసేశారు. మిస్టీ స్టెప్ వేయకుండా ఉంటే వేయగలిగేవారు.

ప్ర: బోనస్ యాక్షన్‌తో పిలిచే స్పిరిచువల్ వెపన్ (గాల్లో తేలే మాయ ఆయుధం) తిరుగుతున్నంతసేపూ క్లెరిక్ క్యాంట్రిప్‌లే వేయాలా? (రాయగడ నుంచే, ఇంకొకరు)

జ: అక్కర్లేదు. దాన్ని పిలిచిన వంతులో మంత్రం వేసినట్టు. తర్వాతి వంతుల్లో గవ్వ పెట్టి దాంతో కొట్టించడం మంత్రం వేయడం కాదు, ఆయుధాన్ని తిప్పడమే. యాక్షన్‌తో నిక్షేపంగా పెద్ద మంత్రం వేసుకోండి. కొత్త పుస్తకంలో దానికి కాన్సంట్రేషన్ కావాలి, అదొక్కటి గుర్తుంచుకోండి.

ప్ర: మా పక్కింటావిడ కిటికీలోంచి ‘మంత్రం వేశాను, చచ్చాడు’ అని మా వాడు అరవడం విని వీధంతా చెప్పింది. ఆట మానిపించమంటున్నారు మా అత్తగారు. (ఒక తల్లి, గుణుపూర్)

జ: అమ్మా, దీన్ని నవ్వి వదిలేయలేను. చిల్లంగి (చేతబడి) అన్న మాట మన వైపు మనుషుల ప్రాణాలు తీసింది. మంత్రగత్తె ముద్ర వేసి హింసించేవాళ్ళ మీద ఒడిశాకి 2013లో ప్రత్యేక చట్టమే అవసరమైంది. చేతబడుల పేరిట జరిగే అఘాయిత్యాల మీద అదే ఏడు మహారాష్ట్ర కూడా ఒకటి తెచ్చింది. పక్కింటావిడ భయం ఊరికే పుట్టింది కాదు.

మా వీధిలో నేను చేసిందేమిటంటే, ఆటని అరుగు మీదికి తెచ్చాను. కాగితాలు, పాచికలు, గవ్వలు అందరికీ కనబడేలా. ఎదురింటి బామ్మ రెండు వారాలు చూసి, “ఇది అష్టాచెమ్మాకి లెక్కలు ఎక్కువ తగిలించిన ఆట” అని తేల్చేసింది. ఇప్పుడు మా వాళ్ళు గట్టిగా అరిచేటప్పుడు ‘స్పెల్’ అనే అంటున్నారు. అత్తగారిని ఒక ఆదివారం కూర్చోబెట్టి పాచికలు ఆవిడ చేతికే ఇవ్వండి, పెద్దావిడ చెయ్యి మంచిదైతే మీ వాడే వదలడు.

ప్ర: చింతపిక్కలు ఎన్ని కావాలి? (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

జ: ఐదో లెవెల్ విజార్డ్‌కి తొమ్మిది: ఒకటో స్థాయివి నాలుగు, రెండోవి మూడు, మూడోవి రెండు. స్థాయి తెలియడానికి సుద్దతో గీతలు పెట్టుకోండి. పచ్చి పిక్కలే వాడండి, వేయించినవి వద్దు. మా మేనల్లుడు మాటల్లో పడి మూడో స్థాయి స్లాటు నమిలేశాడు.